జాబితాలో లేని తల్లి

మా కాలేజీలో ఇప్పటికీ చెప్పుకుంటారు: ఆ పిల్ల డెంగీతో దవాఖానలో పడి ఉంటే తండ్రి పరిగెత్తుకొచ్చాడు, తల్లి మాత్రం నాలుగో రోజు దాకా తొంగి చూడలేదని. స్టాఫ్‌రూములో టీ తాగుతూ చెప్పుకుంటారు, కొత్త వార్డెన్లు వస్తే వాళ్లకూ నీతికథలా వినిపిస్తారు. అబద్ధం. తల్లి రాకపోవడం కాదు జరిగింది, తల్లికి చెప్పకపోవడం. చెప్పకుండా చేసింది మా ఆఫీసు. ఆ ఆఫీసులో ఏళ్ల తరబడి కూర్చుంటున్నదాన్ని కాబట్టి ఈ మాట నేనే చెప్పాలి.

మాది కరీంనగర్‌లో హాస్టల్ ఉన్న ఆడపిల్లల కాలేజీ. ఆ పిల్లను చేర్పించడానికి తీసుకొచ్చింది తల్లే. ఆమెది దూరాన బోథ్ అవతల పల్లె. బస్సులు మారి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. తండ్రి వేరుగా ఉంటాడు, ఇక్కడే ఊరి బయట గ్రానైటు కోసేచోట పని. మొగుడూ పెళ్లాలకు మాటల్లేవు. ఫారంలో ఫోను దగ్గర ఆమె వంకర అంకెలతో మూడు నంబర్లు రాసింది: ముందు తనది, తర్వాత తమ్ముడిది, ఆఖరున భర్తది.

"ఆయనది గూడ ఉండనీయుండ్రి మేడం. దగ్గర ఉంటడు, ఏదన్న అయితే జల్ది వస్తడు," అంది.

మొగుడితో పలకని మనిషి పిల్ల కోసం మొగుడి నంబరు రాసింది. బాధ్యత లేదని అందరూ తీర్పు చెప్పింది ఈమె గురించే.

మూడు నంబర్లూ నేనే కంప్యూటర్లో ఎక్కించాను. ఆ ఏడే చేతిరాత రిజిస్టర్లు మూలన పడేసి కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చారు. రిజిస్టర్లో అయితే కొత్త నంబరిస్తే పాతదాని పక్కన రాసేవాళ్లం. పాతది పనిచేయదని వాళ్లే చెబితే దాని మీద ఒక గీత కొట్టేవాళ్లం. గీత కింద కూడా అంకెలు కనపడేవి. ఈ కొత్త దాంట్లో ఒక మనిషి పేరు మీద ఎన్ని నంబర్లయినా పెట్టొచ్చు. కానీ ఒక్కటి కలపాలంటే పాతవన్నీ మళ్లీ కొట్టి, చివర కొత్తది కొట్టి, అప్పుడు సేవ్ చేయాలి. కొత్తదొక్కటే కొట్టి సేవ్ చేశామా, పాతవన్నీ గాలికి పోతాయి. ఇవి పోతున్నాయి, సరేనా అని మాటవరసకైనా అడగదు. పైగా పని అయిపోయిందని పచ్చ టిక్కు పెడుతుంది.

నేర్పడానికి హైదరాబాద్ నుంచి వచ్చినాయన్ని ఆ రోజే నిలేశాను. కలపడం వేరు, తీసేయడం వేరు, మొత్తం మార్చడం వేరు కదా, మూడింటికీ కలిపి ఒక్క సేవ్ ఎట్లా పెట్టారని. పప్పు డబ్బాలో గుప్పెడు పోయడానికి డబ్బా మొత్తం కుమ్మరించి మళ్లీ నింపుతామా అని కూడా అడిగాను.

ఆయన నవ్వాడు. "లిస్ట్ మొత్తం పంపాలె మేడం. సిస్టమ్ గట్లనే తీసుకుంటది."

గట్ల కావాలని ఎవరడిగారని నేననేలోపే ప్రిన్సిపాల్ గడియారం చూసుకున్నారు. నేను దేన్నయినా సాగదీస్తానని ఆయన అభిప్రాయం. ఊరుకున్నాను. జన్మలో ఎక్కడా ఊరుకోనిదాన్ని అక్కడ ఊరుకున్నాను.

తర్వాత ఎప్పుడో తండ్రి సిమ్ మార్చాడు. ఆఫీసుకు వచ్చి కొత్త నంబరు చీటీ మీద రాసి కిటికీలోంచి ఇచ్చి పోయాడు. అందులో ఆయన తప్పేం లేదు.

పత్తి ఏరే రోజుల్లో పిల్లకు జ్వరం వచ్చింది. దవాఖానలో చేర్చి, హాస్టల్ నుంచి ఇంటివాళ్లకు మెసేజ్ కొట్టారు. అందరికీ చేరిందని స్క్రీన్ చూపించింది. ఆ అందరూ అంటే తండ్రి ఒక్కడే. జాబితాలో మిగిలింది ఆయన కొత్త నంబరే మరి. ఆయన సాయంత్రానికల్లా వచ్చాడు, సంతకాలు పెట్టాడు, రెండు పూటలా కొబ్బరినీళ్లు తెచ్చాడు. భార్యకు కాలేజీవాళ్లు చెప్పే ఉంటారనుకున్నాడు. పిల్లా అదే అనుకుంది. తండ్రి ఫోను మంచం మీదే ఉన్నా తల్లికి చేయలేదు. కబురు తెలిసీ రాని తల్లికి నేనెందుకు చేయాలని రోషం.

ఆదివారం తల్లి ఎప్పటిలాగే హాస్టల్‌కు ఫోన్ చేస్తే సంగతి తెలిసింది. మర్నాడు పొద్దున్నే వచ్చింది. హాజరు కాగితాల పని మీద నేనూ వార్డులోనే ఉన్నాను. పిల్ల మొహం గోడవైపు తిప్పుకుంది.

"ఇప్పుడు యాదికొచ్చిన్నా అవ్వా?"

"నాకు ఒక్కలు గూడ చెప్పలే బిడ్డా. నువ్వు జరంతోటి పండుకుంటే నేను పత్తి ఏరుకుంట ఉన్న."

"అందరికి చెప్పినమన్నరు."

తల్లి నావైపు చూసింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆటో ఎక్కి కాలేజీకి వచ్చి రికార్డు తెరిచాను. ఒక్క నంబరు. ప్రిన్సిపాల్‌ను అడిగితే, ఆమె ఇవ్వలేదేమో అన్నారు. బీరువాలోంచి అడ్మిషన్ ఫారం తీసి బల్ల మీద పరిచాను.

"కంప్యూటర్ల లేదు గదమ్మా," అన్నారు.

"ఆమె చేత్తోని రాసిచ్చింది ఉన్నది సార్. మీ కంప్యూటర్ల లేకుంటే ఆమె తల్లి కాకుంట పోతదా?"

ఆ ఫారం అడక్కుండానే పట్టుకుని మళ్లీ దవాఖానకు పోయాను. పిల్ల ముందు పెట్టి, మొదటి నంబరు ఎవరిదో చూడమన్నాను. చాలాసేపు చూసింది. తర్వాత జరిగి తల్లికి మంచం మీద చోటిచ్చింది. తల్లి కూర్చుంది.

"మరి తీసేసిందెవరు మేడం?" అని పిల్ల నన్నడిగింది.

హైదరాబాద్ ఆయనకు ఫోన్ చేశాను. చివరిసారి మార్చిన తేదీ ఉంటుందట. మార్చింది 'ఆఫీసు' అని ఉంటుందట. అంతకుముందు ఏమున్నాయో, ఏ చేయి మార్చిందో ఉండదట. ఆఫీసులో ముగ్గురం, ముగ్గురికీ పాస్‌వర్డు ఒకటే. ఆ తేదీన హాజరుపట్టీలో ముగ్గురి సంతకాలూ ఉన్నాయి. చీటీ అందుకున్నది ఎవరో తండ్రికీ గుర్తు లేదు. మిగతా ఇద్దరూ మేం కాదని ఒట్టేస్తున్నారు. ఆ సేవ్ సంగతి వాళ్లకు సరిగ్గా తెలియదు, నాకు తెలుసు. అయినా కిటికీ దగ్గర వరసకట్టిన జనం, చేతిలో చీటీ, తొందర, అవన్నీ నాకూ తెలుసు. ఒట్టేయడానికి నాకు నోరు రావడం లేదు.

ఆ రోజు ఆ కుర్చీలో కూర్చుని, ఒక తల్లిని తీసేసి, తర్వాతివాళ్లను రమ్మని పిలిచిందెవరు? నేనా?