మగ్గం మీద వేసిన నింద

మా వీధిలో నడుము నొప్పి లేని ఇల్లు లేదు. గద్వాలలో చీరలు నేసే వీధి మాది. గుంటలోకి కాళ్లు దించి, ముందుకు వంగి, పొద్దంతా మగ్గం మీద కూర్చునేవాళ్లకు నడుము నొప్పి రావడం మామూలే అనుకుంటాం. ఆ మామూలు అనుకోవడమే నన్ను మంచం మీదికి చేర్చింది. నాలాంటి ఆడమనిషి ఇంకొకరు ఈ రోజు కూడా ఏదో ఒక మగ్గం మీద పక్కకు ఒరిగి, పళ్లు బిగబట్టి నేస్తూ ఉంటుంది. ఆమె కోసం ఇది రాసి పెడుతున్నాను. నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మిగతా చదువంతా మా ఊరి గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నదే. తెలుగు అక్షరాల పక్కన పెట్టి చూసుకుంటూ కన్నడ అక్షరాలు కూడా అక్కడే పట్టుకున్నాను.

ఆ రోజు చీర సగానికి వచ్చింది. పట్టు అంచు కలిపే పని నడుస్తోంది. కింద చెక్కను కాలితో తొక్కబోతే వీపు మధ్యలో ఎవరో గుద్దినట్టయింది. ఎప్పుడూ నొప్పి పుట్టే చోటు కాదు, దానికి జానెడు పైన. చేయి అక్కడే పెట్టుకుని పక్కకు ఒరిగాను.

"మగ్గం నడుములే పిల్లా," అంది మా అత్త నర్సమ్మ. "గీ గుంటల కూసున్నోళ్లల్ల ఎవరికి లేదు? నా నడుము చూడు, ఊడ్వకముందే వంగి ఉంటది."

మా ఆయన వీరేశం కూర్చునే పలకను చెక్కి నున్నగా చేశాడు. దాని మీద బొంత మడతపెట్టి వేశాడు. "రాణి గద్దె తీరు చేసిన. ఇగ నొప్పి అన్నవో, నేనే కూసుంట దాని మీద," అన్నాడు. నేనూ నవ్వి కూర్చున్నాను.

నొప్పి తగ్గలేదు. పడుకున్నా తగ్గలేదు. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది. నిద్రలో చెమటకు దిండు తడిసేది, ఎండాకాలం కదా అనుకున్నాను. జాకెట్లు వదులయ్యాయి. "సన్నగైనవ్, మంచిగనే కనవడుతున్నవ్," అని అత్త మెచ్చుకుంది. అన్నింటికీ ఒక్కో కారణం మా దగ్గర సిద్ధంగా ఉండేది.

ఇక్కడ మా వరండా గురించి చెప్పాలి. సంత రోజున గ్రంథాలయం వరండాలో కొందరం ఆడవాళ్లం కూర్చుంటాం. ఊళ్లో అంటించిన నోటీసులు, పేపర్లో వచ్చిన కబుర్లు చదువుకుంటాం. ఎక్కడ హెల్త్ క్యాంపు ఉంది, ఏ బస్సు వేళ మారింది, కుట్టు శిక్షణకు ఎవరిని అడగాలి, పిల్లను హాస్టల్లో వేయాలంటే ఏ కాగితాలు కావాలి, ఇలాంటివి. ఏ ఆఫీసూ దీన్ని పెట్టలేదు. గాజుల దుకాణం ఖతీజా ఆపా ఒకసారి తెలుగు నోటీసు చదివి పెట్టమని నన్ను అడిగింది. అలా మొదలైంది. నేను తెలుగులో చదువుతాను, ఆపా ఉర్దూలో చెబుతుంది, రాయచూరు వైపు నుంచి కోడలుగా వచ్చిన బసమ్మ కన్నడంలో చెబుతుంది.

ఒక సంత రోజున వనపర్తిలో జరిగే క్యాంపు నోటీసు చదివాను. "విశ్రాంతి తీసుకున్నా తగ్గని వెన్నునొప్పి, సాయంత్రం జ్వరం, నిద్రలో చెమటలు, బరువు తగ్గడం ఉన్నవారు తప్పక రాగలరు." గట్టిగా, తప్పు లేకుండా చదివాను. చదివి కాగితం మడిచాను.

ఆపా ఉర్దూలో అందుకుంది. "కమర్‌కా దర్ద్, సోయే తో భీ జాతా నై. శామ్‌కు బుఖార్..." అంటూ ఆగిపోయింది. నా వైపు తిరిగింది.

"ఏయ్ సుగుణా, గిదంతా నీ ముచ్చటే గదనే!"

"నాది మగ్గం నడుము ఆపా."

"మగ్గానికి బుఖార్ వస్తదా? చెమటలు పడతయా? జర చెప్పు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను కానీ నవ్వు రాలేదు. నోటితో చదివిన ఒక్కో మాటా అప్పుడు నా ఒంట్లో కనబడింది. ఊరందరి కోసం చదువుతున్నాననుకున్న నాకు, ఆ ఊరందరిలో నేనూ ఉన్నానని తట్టనే లేదు.

బసమ్మ నన్ను వదల్లేదు. "నడీ అక్కా, నేను వస్త," అని వనపర్తి బస్సెక్కించింది. క్యాంపులో డాక్టరమ్మ నా వెన్నెముక మీద వేళ్లతో తట్టుకుంటూ వచ్చింది. ఒక చోట అరిచాను.

"పడుకుంటే తగ్గుతదా?" అని అడిగింది.

"తగ్గది మేడమ్. మగ్గం నేస్తం కదా, అట్లనే అనుకున్నం."

"మగ్గం నొప్పి అయితే పడుకుంటే తగ్గాలె. నీది తగ్గుతలేదు. మగ్గాన్ని ఎందుకు తిడుతున్నవ్?"

ఎక్స్‌రే, బ్లడ్ టెస్టులు అయ్యాయి. మహబూబ్‌నగర్‌లో ఎం.ఆర్.ఐ. తీశారు. తర్వాత సూదితో బయాప్సీ చేశారు. వనపర్తి దవాఖానలో రిపోర్టు చూసి అదే డాక్టరమ్మ "స్పైన్ టి.బి." అంది. టి.బి. అంటే దగ్గే అనుకున్నాను, నాకు దగ్గు లేదు కదా అన్నాను. "ఎముకకు కూడా వస్తదమ్మా. నీ ఛాతీ క్లియర్‌గ ఉంది, నీ నుంచి ఎవరికీ అంటదు. కానీ చీము నరాన్ని ఒత్తుతున్నది. ఇంకా ఆలస్యమైతే కాళ్లు పడిపోయేటివి. మందులు, బెల్టు, రెస్ట్. కాళ్లల్ల బలం ఇంకా తగ్గితే ఆపరేషన్. మళ్ల మగ్గం ఎక్కుతవా అంటే ఇప్పుడే మాటియ్యలేను."

దారంతా కాళ్లనే చూసుకుంటూ ఇంటికొచ్చాను. అప్పటికే ఎడమ పాదం తిమ్మిరిగా ఉంది.

ఇంట్లో టి.బి. అనే మాట వినగానే మా అత్త నా కంచం వేరు చేసింది. ఆమెదీ భయమే. బసమ్మ జొన్నరొట్టెలు తెచ్చి, మంచం మీద నా పక్కనే కూర్చుని, నా కంచంలోనే తిన్నది. డాక్టరమ్మ చెప్పిన మాటను అత్తకు ఒకటికి రెండుసార్లు వినిపించింది. మరుసటి పూట అత్త తన కంచం కూడా నా మంచం దగ్గరికే తెచ్చుకుంది. రంజాన్ నెలలో సహరీకి, అంటే తెల్లవారకముందే తినడానికి, లేచిన ఆపా మా తలుపు కొట్టేది, పరగడుపున వేసుకోవాల్సిన గోలీలు మరచిపోకుండా.

కుదుటపడుతోంది అనుకుంటుండగా వాంతులు పట్టుకున్నాయి. కళ్లు పచ్చబడ్డాయి. ఎల్.ఎఫ్.టి. అనే లివర్ టెస్టు చేసి, మందులు లివర్‌కు పడలేదని డాక్టరమ్మ ఆపేసింది. ఆ మాట వీధిలో పాకింది. "మందే పడకపోతే ఇంకెందుకు, పసరు మందు ఇప్పిద్దాం," అన్నారు కొందరు. మా ఆయన కూడా ఊగాడు. అయినా ముందు నన్ను తీసుకుని మళ్లీ దవాఖానకే వెళ్లి అడిగాడు.

"ఆపింది నేను. మళ్ల మొదలుపెట్టేది కూడా నేనే," అంది డాక్టరమ్మ. "నడుమ ఎవరి మాటా వినకు."

లివర్ కోలుకున్నాక మందులను ఒక్కొక్కటిగా మళ్లీ ఇచ్చింది. ఈసారి పడ్డాయి.

పాదంతో ఏదైనా ఒత్తుతూ ఉండమని ఫిజియోథెరపీ అతను చెప్పాడు. మా ఆయన మగ్గం కింద తొక్కే చెక్కను ఊడదీసి, వదులుగా కదిలేలా మంచం కాళ్ల వైపు కట్టాడు. "ఇదైతే నీ కాలు గుర్తుపడతది," అన్నాడు. రోజూ తొక్కబోయేదాన్ని. కుడి కాలికి కదిలేది, ఎడమ కాలికి లొంగేది కాదు. ఒక మధ్యాహ్నం ఎడమ పాదం కింద టక్‌మంది. వంటింట్లోంచి అత్త పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "ఏ కాలే? ఏ కాలు?" అంది. చెప్పకుండా మళ్లీ తొక్కాను. టక్. ఆ పిండి చేతులతోనే నా మొహం పట్టుకుంది.

ఆపరేషన్ అవసరం పడలేదు. ఏడాది దాటి నడిచిన మందుల కోర్సు పూర్తయింది. చివరి ఎం.ఆర్.ఐ. చూసి డాక్టరమ్మ "హీల్డ్, నయమైంది," అంది. గుంట మగ్గం మాత్రం వద్దంది. ఇప్పుడు నేల మీద నిలబెట్టిన మగ్గం మీద, వీపుకు ఆసరా పెట్టుకుని, రోజుకు ఒక్క పూటే నేస్తున్నాను. సగంలో ఆగిన ఆ చీర పూర్తయింది. అంచు కలిపిన చోట చేతి తేడా నాకు తెలుస్తుంది, ఇంకెవరికీ తెలియదు.

వరండా పద్ధతి కొంచెం మార్చాం. నోటీసు చదివాక, విన్నవాళ్లలో ఒకరు దాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పాలి. తర్వాత, "ఇది నీకుందా? మీ ఇంట్ల ఉందా?" అని పేరు పెట్టి అడుగుతాం. పత్తి విత్తనాల పనికి మన్ననూర్ వైపు నుంచి వచ్చిన ఒకామె అలా అడిగితేనే తన బిడ్డ మెడ దగ్గరి గడ్డ సంగతి చెప్పింది. మరునాడే దవాఖానకు పోయారు.

నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. పడుకున్నా తగ్గని నొప్పిని పని మీదికి నెట్టకండి, చూపించుకోండి. రోగం గురించి ఏది చదివినా, మిమ్మల్ని రోజూ చూసే మనిషికి గట్టిగా చదివి వినిపించండి.

పలకనూ చెక్కనూ చెక్కిన వీరేశానికి, పిండి చేతుల నర్సమ్మత్తకు, నా కంచంలో తిన్న బసమ్మకు, పేరు రాయొద్దన్న డాక్టరమ్మకు నా దండాలు. ఆఖరున ఖతీజా ఆపాకు. "నీ పేరు రాస్తున్న ఆపా," అంటే, "రాయి గానీ, గాజుల దుకాణమని కూడా రాయి. జర నలుగురొస్తరు," అంది.

రాశాను ఆపా.