మిల్లు పక్కన జర్మన్ పాట

కరెంటు పోతే మా వీధి చివరి పల్లికాయ మిల్లు ఒక్కసారిగా ఆగిపోతుంది. తిరుగుతున్నంతసేపు దాన్ని ఎవరూ వినరు. ఆగితే మాత్రం సగం వనపర్తి తలెత్తి చూస్తుంది. నిన్న సాయంత్రం అలా ఆగినప్పుడు చెవుల్లో మిగిలిన ఖాళీలో నాకు సలోమి అక్క వేళ్లు గుర్తొచ్చాయి. హార్మోనియం మెట్ల మీద ఆగి, ఇంకా పైకి లేవని వేళ్లు.

ఆ మిల్లు పక్క చర్చిలో పాటల బృందాన్ని నడిపేది సలోమి అక్కే. నేను డిగ్రీ తప్పుతూ అందులో గిటారు వాయించేవాణ్ని. గిటారు చర్చిది, తప్పడం నా సొంతం. ఆ రోజుల్లో నెట్ సెంటర్‌లో ఒక జర్మన్ పాటను సీడీలోకి ఎక్కించుకుని, దాని మొదటి వరుసను ఒక ఆదివారం ఆరాధనకు ముందు వాయించాను. పిల్లలు లయకు సరిగ్గా కాళ్లు నేలకేసి కొట్టారు. సంఘపెద్ద యాకోబు పెద్దయ్య ముఖం పాలిపోయింది. అది సైతాను పాట అన్నాడు. గిటారు వెనక్కి తీసుకుని నన్ను బృందం నుంచి పంపేయాలా వద్దా అన్నది వచ్చే ఆదివారం పెద్దలు తేలుస్తారని కబురొచ్చింది. ఈస్టర్ దగ్గరపడుతోంది. నాకు వేరే గిటారు లేదు, కొనే మొహమూ కాదు.

శనివారం అక్క తన ఇంట్లో ఆ పాట విన్నది. నేను పక్కన కూర్చుని ఊరుకోలేకపోయాను. “జర్మన్ భాషల ఆకలైతుందన్నా తిట్టినట్టే ఉంటదక్కా.”

“నీ నోరు పాట కన్న పెద్దగుంది. జర మూస్తవా?” అని మళ్లీ మొదటినుంచి పెట్టించింది. అంతా విన్నాక నా వైపు తిరిగింది. “రేపు ఆళ్ల ముందట నేను మాట్లాడుత. నిన్నడిగితె నవ్వియ్యకు. జర ఖాళీ కనపడితె సాలు, జోకుతోటి నింపుతవు. ఏంది, భయమా?”

దానికీ ఒక జోకు వేశాను. ఆమె నవ్వలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు బెంచీల మీద బిగుసుకుని కూర్చున్నారు. అక్క పాట పెట్టి, ఆపి, మళ్లీ పెట్టి చెప్పసాగింది.

“ఇగో, డ్రమ్ములినుండ్రి. నాలుగు దెబ్బలు, నాలుగూ ఒక్క తూకం. కవాతు లెక్క. గిటారు కింది స్వరంల కొట్టి, ఎంటనే అరచేత్తోని అదుముతుండు. అందుకే మోగదు, గుద్దినట్టుంటది. గొంతు సూడుండ్రి, అరుస్తలేడు. మంద్రంల ఒక్క స్వరాన్ని పట్టుకోనే ఉన్నడు.” హార్మోనియం మీద ఆ స్వరం నొక్కి పట్టింది. “ఎనక కీబోర్డుల ఒకటే ముక్క, మిల్లు బెల్టు లెక్క తిరుగుతనే ఉంటది. పల్లవి కాడికొస్తె ఆడోళ్ల గొంతులు లేస్తయి, స్వరాలు సాగుతయి. అప్పుడు జర ఊపిరాడుతది.”

“అర్థమేంది?” అన్నాడు యాకోబు పెద్దయ్య.

“వీడు నెట్‌ల సూసి చెప్పిండు. కార్ఖానాల పనోడు. సైరన్ ఎప్పుడు కూస్తదా అని చూస్తుండు. గంతే.”

“సైతాను లేడా?”

“సైతాను గింత తాళంల ఉంటడా, పెద్దయ్యా?”

ఎవరూ నవ్వలేదు. ఈ సభలో అక్క జోకు కూడా పేలనందుకు లోపల నాకు కాస్త ఊరట కలిగింది.

చివరి పల్లవికి ముందు పాటలో అన్నీ ఒక్కసారే ఆగాయి. పక్కన మిల్లు చప్పుడు మాత్రమే మిగిలింది. తిరిగి అంతా కలిసి విరుచుకుపడగానే యాకోబు పెద్దయ్య ఉలిక్కిపడి బెంచీ అంచు పట్టుకున్నాడు. ఆ కుడిచేతికి రెండు వేళ్లు లేవు. ఎలా పోయాయో నేనెప్పుడూ అడగలేదు.

పాట అయిపోయింది. “గా ఆగేకాడ నీకేం దొరుకుతుందిరా?” అని పెద్దయ్య నన్నే అడిగాడు.

కరెంటు పోయిందనుకున్నా పెద్దయ్యా అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. అక్క నా వైపు చూడలేదు. ఆమె వేళ్లు మెట్ల మీదే ఆగి ఉన్నాయి. ఆ మాట మింగేశాను. దాని కింద ఇంకో మాట ఉందని అప్పటిదాకా నాకూ తెలియదు.

“భయమైతది పెద్దయ్యా. మళ్ల మొదలైతదో కాదో అని.”

ఆయన బెంచీ అంచు వదిలాడు. “వలసపోయి రాళ్ల క్రషర్ల పనిచేసినప్పుడు, మిషన్ నడుస్తుంటె ధైర్యముండేది,” అన్నాడు. “ఆగిందంటె ఎవనికో ఏమో అయిందని ఉరుకుతుంటిమి. ఒకపారి నాకోసమే ఆగింది.”

ఆ ఖాళీని ఈసారి నేను నింపలేదు. ఆయన లేచి కండువా దులుపుకున్నాడు. “గిటారు ఉంచుకో. గా పాట మాత్రం నేనున్నప్పుడు కొట్టకు.”

బతికాననుకున్నాను. అక్క హార్మోనియం మూస్తూ అంది: “ఈస్టర్ దాంక వీడు తీగ ముట్టడు పెద్దయ్యా. దెబ్బ కన్న ముందే ఉరుకుతుండు. కాలుతోటి తాళమేస్తడు, గంతే.” విడుదలా శిక్షా ఒకే పూట అందుకున్న ఘనత నాది.

సలోమి అక్క ఇప్పుడు లేదు. ఎవరైనా తమ కష్టం చెబుతూ మధ్యలో ఆగితే, ఇప్పటికీ నా నోట్లోకి ముందు జోకే వస్తుంది. కాలితో నేల మీద మెల్లగా తాళం వేస్తూ ఊరుకుంటాను. చాలాసార్లు వాళ్లే మళ్లీ మొదలుపెడతారు.

నిన్న మిల్లు ఎంతకీ మొదలవలేదు. పక్కింటాయన కరెంటోళ్లను తిట్టి లోపలికి పోయాడు. కరెంటే పోయింది, లోపల ఎవరికీ ఏమీ కాలేదని మిల్లు మనిషి వచ్చి చెప్పేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను.