పడవకు తగ్గ మాను

ఎండైనా వానైనా జెబెదయ్ నెత్తిన పసుపుపచ్చ హెల్మెట్ ఉండాల్సిందే. కొండ మీది అడవినంతా దుంగలు చేసి ఓడలకెక్కించిన కంపెనీ వాళ్లు, ఊరిని ఒప్పించిపెట్టినందుకు అతనికిచ్చిన కానుక అది. ఊళ్లో ఎక్కడా నీడ లేదు కాబట్టి బాగా పనికొస్తోందంటాడు. పొద్దున్నే వరండాలో కూర్చుని, కాల్చిన చిలగడదుంప నములుతూ, ఎర్రటి బురదతో పారే వాగును చూపించి "అభివృద్ధి అంటే ఇలాగే ఉంటుంది" అని వచ్చేపోయేవాళ్లకు చెబుతాడు. దాహమేస్తే మాత్రం కొబ్బరిబోండం కొట్టించుకుంటాడు.

మొన్నటి తుపానుకు అతని పడవ పగిలిపోయింది. కొత్తది తొలుచుకుందామని దీవంతా గాలించినా తగ్గ మాను దొరకలేదు. చివరికి గొడ్డలి భుజాన వేసుకుని, ఎవరి పడవలోనో ఎక్కి, అవతలి దీవిలోని భార్య తమ్ముడు కివా ఊరికి వెళ్లాడు.

"ఓడల కొద్దీ పంపారు కదా బావా, ఒక్కటీ దాచుకోలేదా?" అని కివా నవ్వాడు. నవ్వుతూనే తమ అడవిలోకి తీసుకెళ్లి, నిటారుగా ఎదిగిన చెట్టొకటి చూపించి కొట్టుకోమన్నాడు. జెబెదయ్ మాను మీద చెయ్యి వేసి, చాలాసేపు పైకి చూస్తూ నిలబడ్డాడు.

"కివా, ఆ కంపెనీ వాళ్లొస్తే రానివ్వకండిరా."

"పోయిన వారమే వచ్చారు బావా. వాళ్లు మంచోళ్లని నువ్వే కదా కబురంపావు? నీ మాట మీదే మా పెద్దలు సరేనన్నారు."

జెబెదయ్ బొటనవేలితో గొడ్డలి పదును చూసుకున్నాడు.

"అయితే రెండు కొట్టుకోనీరా. మావాడిక్కూడా ఒక పడవ కావాలి."