నడుము తగ్గించిన కుట్లు

దర్జీకి నడుంనొప్పంటే ఎవరు జాలిపడతారు? రోజంతా మిషను మీద వంగి కూర్చునేవాడికి నొప్పి రాకపోతేనే వింత. "ఇది మా వృత్తి ఇచ్చిన బిరుదే" అని ఆయనే నవ్వేవాడు. పక్కన కూర్చుని కాజాలు, గుండీలు కుట్టే భార్య కూడా నవ్వేది.

కానీ ఇదివరకటి నొప్పి పడుకుంటే తగ్గేది. ఈసారిది నడుం వాలిస్తే ఇంకా ఎక్కువయ్యేది. మూడు నెలలైనా వదలకపోతే ఆవిడే పోరుపెట్టి వీధి చివరి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

"జ్వరం వస్తోందా? ఈమధ్య బరువేమైనా తగ్గారా?" అని డాక్టరు అడిగాడు.

ఆయన నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంది. "అబ్బే, లేదండీ. పాత బట్టలన్నీ ఒంటికి అతికినట్టే ఉన్నాయి."

ఆయన కిక్కురుమనలేదు. మొండి మనిషి! మూలనున్న తూకం మిషను ఎక్కమని డాక్టరూ అనలేదు. మాత్రలు రాసిచ్చి పంపేశాడు.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం కుట్టుమిషను ఉన్నట్టుండి ఆగింది. బెల్టు తెగిందేమోనని ఆవిడ వంగి చూసింది. బెల్టు బాగానే ఉంది. ఆయన కుడికాలే కదలడం లేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కాళ్ళ బలం చూసింది. స్పర్శ తెలుస్తోందా, మూత్రం మీద పట్టు తప్పుతోందా అని అడిగింది. వెన్ను తడుముతూ వచ్చి ప్యాంటు నడుము దగ్గర ఆగింది. లోపలివైపు పక్కపక్కనే నాలుగు వరసల కుట్లు.

"ఎన్నిసార్లు బిగించారు?"

"నాలుగుసార్లండీ, ఈ ఆరునెలల్లో. చొక్కాలు కూడా. ఈవిడ కొట్లోంచి ఇంటికెళ్ళాక కుట్టుకునేవాణ్ణి. వదులైతే కంగారుపడుతుందని."

ఆవిడ ఆ కుట్లని వేలితో తడిమింది. ఇంకొకరు చిక్కితే బట్టలే చెప్పేస్తాయి. దర్జీ చిక్కితే ఆయన సూదే దాచిపెట్టింది. ముఖం పీక్కుపోతుంటే పనిభారం అనుకుంది పిచ్చితల్లి.

పరీక్షల్లో తేలింది. ఎక్కడో పుట్టిన క్యాన్సరు వెన్నుపూసల్లోకి పాకింది. కాలు తిరిగి రావడం కష్టమనీ, మనిషి కూడా ఎక్కువ రోజులు ఉండడనీ డాక్టరమ్మ మెల్లగా చెప్పింది.

"ఆ రోజు నేను తగ్గారని చెప్పుంటే?" అని అడిగింది ఆవిడ.

డాక్టరమ్మ అబద్ధమాడలేదు. "అప్పుడే పరీక్షలు చేసేవాళ్ళమ్మా. కాలైనా నిలిచేదేమో."

"దాన్నేమీ అనకండి డాక్టరుగారూ" అన్నాడు ఆయన మంచం మీంచి. "దాని కంటపడకూడదనే అంత జాగ్రత్తగా కుట్టాను."

ముప్పై ఏళ్ళుగా ఆ చేతిపనిని పదిమందికీ చెప్పుకుని మురిసిపోయిన మనిషి, ఆ చేతినే పట్టుకుని భోరుమంది.

"ఎందుకండీ అంత బాగా కుట్టారు?"