కెప్టెన్‌గారి బాప్తిస్మం

మేడమ్‌కి చూపు మధ్యలో మచ్చ పడింది. పక్కనున్నవి కనపడతాయి, ఎదురుగా ఉన్నది కనపడదు. మనిషి ముఖం చూడాలంటే ఆ మనిషి చెవి వైపు చూసేది. అందువల్ల ఆవిడకి చదివిపెట్టే పని నా మీద పడింది. మస్కట్‌లో ఖురం అనే పేటలోని ఆ ఇంట్లో వంటకీ ఊడవడానికీ చేరినదాన్ని నేను.

నాకు చదువు యాభై దాటాక వచ్చింది. శుక్రవారాలు దగ్గర్లోని దార్సైట్‌లో ఒక తెలుగావిడ ఫ్లాట్‌లో ప్రార్థన జరిగేది. మాలాంటి పనిమనుషులు బైబిలు చదువుకోవాలని ఆవిడే మాకు అక్షరాలు దిద్దించింది. ఆవిడని అక్కా అని పిలిచేవాళ్ళం. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం మేడమ్ నేర్పింది, దయతో కాదు, అవసరం కొద్దీ. తప్పు చదివితే స్కేలుతో బల్ల మీద, నా వేళ్ళకి ఆనుకునేంత దగ్గరగా కొట్టేది. వేళ్ళ మీద ఎప్పుడూ కొట్టలేదు. ఆ సంగతి ఆవిడే నాకు తరచూ గుర్తు చేసేది.

ఆవిడ పుట్టిల్లు ఇంగ్లండులో కార్న్‌వాల్ అనే చోటు. సముద్రం పక్కన తగరం గనులున్న ఊళ్ళట. వాళ్ళ ముత్తాతకి తాత అక్కడ కెప్టెన్ అని ఇంట్లో చెప్పుకునేవారు. నేను ఓడ కెప్టెన్ అనుకున్నాను. కాదట, గనిలో దిగే కూలీల మీద పెద్దని అక్కడ అలా పిలుస్తారట. అదే దేశంలో ఇబ్రి అనే ఊళ్ళో బిల్డింగుల పని చేసే మా తమ్ముడి మాటల్లో చెప్పాలంటే ఫోర్‌మన్. ఆ ఊళ్ళ చర్చీల్లో ఉన్న పాత బాప్తిస్మాల పుస్తకాలకి ఎవరో ఫోటోలు తీసి కంప్యూటర్‌లో పెట్టారు. ఆ కెప్టెన్ ఏ తండ్రికి పుట్టాడో ఆవిడకి తేలాలి. వేసవిలో చుట్టాలందరూ కలిసే విందులో వంశవృక్షం అచ్చు వేయించి గోడకి కట్టాలని ఆవిడ కోరిక.

ఈకతో రాసిన రాత అది. సిరా కొన్నిచోట్ల పాకిపోయింది, కొన్నిచోట్ల వెలిసిపోయింది. నేను ఒక్కొక్క అక్షరం పైకి చదివేదాన్ని, ఆవిడ వాటిని కూడబలుక్కునేది.

“నువ్వు చదివేదేమిటో నీకు తెలియదు. అందుకే నీ మీద నాకు నమ్మకం” అనేది.

స్నేహితులు వచ్చినప్పుడు నన్ను ‘మా చర్చి గుమాస్తా’ అని చూపించేది. ఒకసారి ఒకాయన బిస్కట్ల డబ్బా చేతికిచ్చి చదవమన్నాడు. అక్షరాలు చదివాను. చప్పట్లు కొట్టారు. తర్వాత డబ్బా తలకిందులు చేసి ఇచ్చాడు. అదీ చదివాను. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. నేను ట్రే తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను.

ఆ ఏడే మా అమ్మాయికి బిడ్డ పుట్టాడు. పెళ్ళి కాలేదు. బిడ్డ తండ్రికి పక్క ఊళ్ళో పెళ్ళాం ఉంది, ఈ పిల్ల ఎవరో తనకి తెలియదని సంఘపెద్దల ముందు చెప్పి వెళ్ళిపోయాడు. మా గుళ్ళో చంటిపిల్లలకే నీళ్ళు పోస్తారు. తండ్రి లేని బిడ్డకి పోయాలంటే ఇంటి పెద్ద ఒకరు అందరి ముందు నిలబడి పూచీ పడాలన్నారు పెద్దలు. నా భర్త పోయాడు. మా తమ్ముణ్ణి అడిగితే ఆ గుళ్ళో మొహం చూపించలేనన్నాడు. మిగిలింది నేనే. క్రిస్మస్ ముందు ఆదివారం బాప్తిస్మాలు.

నా పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉండేది. సెలవు అడిగితే ఆవిడ ఒక్క మాట చెప్పింది.

“కెప్టెన్ తండ్రి దొరికిన మర్నాడే నీ టికెట్.”

ఆ మాట పట్టుకుని గిన్నెలు వదిలేసి చదివాను. ఇస్త్రీ మధ్యలో వచ్చి చదివాను. ఒక ఉదయం కెప్టెన్ దొరికాడు. ఊరు అదే, ఇంటిపేరు అదే, ఆవిడ చెప్పిన ఏడూ అదే. తల్లి పేరు ఉంది. తండ్రి పేరు ఉండాల్సిన చోట ఇంకేదో మాట ఉంది. బి, ఎ, ఎస్, ఇ.

ఈ ఒక్క మాటా నాకు తెలుసు. మా తమ్ముడు ఫోన్ చేస్తే చాలు, ఈ రోజు బేస్ వేశాం, రేపు బేస్ మీద గోడ లేపుతాం అని చెబుతుంటాడు. వాడు పంపే సైట్ ఫోటోల్లో ఆ అక్షరాలే రాసి ఉంటాయి. బేస్ అంటే పునాది. ఈ బిడ్డ వంశానికే పునాది అని చర్చివాళ్ళు రాసిపెట్టారనుకున్నాను. ఎంత గొప్ప మాట అనుకున్నాను. వచ్చీరాని ఇంగ్లీషులో సంబరంగా చెప్పాను.

“మీ కుటుంబం బేస్, మేడమ్. చాలా గట్టి బేస్.”

ఆవిడ నా చెవి వైపు చూసింది. ఆ మాట నీకెవరు నేర్పారని అడిగింది. మా తమ్ముడు మేడమ్, వాడి నోట్లో ఎప్పుడూ అదే మాట అన్నాను.

ఆవిడ కంప్యూటర్ మూత వేసింది. ఇంగ్లండులో ఉన్న చుట్టానికి ఫోన్ చేసి, పనిమనిషి ఏదో తప్పు చదివిందని చెప్పింది. మర్నాడు ఇంకో ఊరి పుస్తకం తెరవమంది. తండ్రి దొరకలేదు కాబట్టి టికెట్ లేదంది.

శుక్రవారం దార్సైట్‌లో అక్కని అడిగాను. ఆవిడ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. బేస్ అంటే నీచం అని కూడా అర్థమట, పెళ్ళి కాకుండా పుట్టినవాణ్ణి ఆ రోజుల్లో వాళ్ళ పుస్తకాల్లో అలా రాసేవారట. అక్క టీ కప్పు నా చేతికిస్తూ, “మీ అమ్మాయి సంగతి మాత్రం ఇక్కడెవరికీ చెప్పకమ్మా. ప్రార్థనకి మంచి కుటుంబాలు వస్తాయి” అంది.

మేడమ్ నేను వెక్కిరించాననుకుంది. ఆ అపోహ తీసేస్తే కరుగుతుందనుకున్నాను. ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. మా అమ్మాయి, బిడ్డ, తండ్రి, ఆదివారం, పూచీ, అన్నీ. ఆవిడ చివరిదాకా విన్నది. మధ్యలో ఒకసారి నీళ్ళు కూడా తాగమంది.

“అందుకన్నమాట, ఆ మాట చదివినప్పుడు నీకంత సంతోషం” అంది. తర్వాత రాత్రి భోజనంలోకి చేప చెయ్యమంది.

చేప కడుగుతూ ఆ పాత గుడి గుమాస్తా గురించి ఆలోచించాను. వాడు తిట్టు రాశాడు. రాసినా, ఆ బిడ్డ నెత్తిన నీళ్ళయితే పోయించాడు. ఇన్ని వందల ఏళ్ళ తర్వాత మా వాళ్ళు పూచీ లేనిదే అది కూడా కుదరదన్నారు.

ఆ ఆదివారం మా అమ్మాయి బిడ్డకి కొత్త చొక్కా వేసి గుడికి తీసుకెళ్ళింది. అమ్మ రాలేదు, నేనే పూచీ పడతానంది. నీకెవరు పూచీ అని ఒక పెద్ద అడిగాడు. ఎవరో నవ్వారట. మిగతా పిల్లలందరికీ అయ్యేదాకా వెనక కూర్చుని, వాడి తల తడవకుండానే ఇంటికి తెచ్చుకుంది. సాయంత్రం ఫోన్‌లో ఇదంతా ఏడవకుండా చెప్పింది. ఏడ్చింది నేను.

“ఏడవకమ్మా. నువ్వు రాకపోడమే మంచిదయ్యింది. ఒచ్చుంటే నువ్వూ ఆళ్ళ పక్కనే కూచుందువు” అంది.

కాంట్రాక్టు అయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను. ఎన్నో ఊళ్ళ పుస్తకాలు చదివిపెట్టాను. చివరికి ఆవిడ అదే ఇంటిపేరున్న ఇంకో బిడ్డని, తండ్రి ఉన్నవాణ్ణి, ఎంచుకుని అచ్చుకి పంపింది. ఇప్పుడు ఖురంలోనే వేరే ఇంట్లో చేస్తున్నాను.

మొన్న సెలవుకి వెళ్ళినప్పుడు పాస్టరుగారు దారిలో నన్ను ఆపారు. పెద్దలు మెత్తబడ్డారు, వచ్చే ఆదివారం పిల్లాణ్ణి తీసుకురమ్మన్నారు. నేను పరుగున ఇంటికి వచ్చి చెప్పాను. మా అమ్మాయి వాడికి తల దువ్వుతోంది, బడికి వేళయింది. దువ్వెన ఆపలేదు. నాతో కాదు, వాడితో చెప్పింది.

“ఆళ్ళు పిలిత్తే ఎల్లడానికి ఆళ్ళేమన్నా మనకి పనిచ్చినోళ్ళేంట్రా? పనిచ్చినోళ్ళు పిలిత్తే అమ్మమ్మ ఎల్తాదిలే.”

వాడు నా వైపు చూసి నవ్వాడు.