వెనక బరువు

దేవకుమారి నలభై ఆరో ఏట కారు నడపడం నేర్చుకుంది. సరదా పుట్టి కాదు. ఇంట్లో కారు నడిపే మనిషి పడిపోయాడు గనక.

ఆ మనిషి ఆమె భర్త జోసఫ్. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం నోవైలో, బండ్ల వెనక ట్రెయిలర్లు తగిలించే కొక్కేలను పరీక్షించే ఇంజినీరు. ట్రెయిలర్‌లో ఇసుక బస్తాలు వేసి, టెస్ట్ ట్రాక్ మీద కావాలని అదుపు తప్పించి, ఏ వేగం దగ్గర బండి ఎటు విసురుతుందో చూడటం అతని ఉద్యోగం. ఆమె భీమవరంలో నర్సుగా చేస్తూ, పెళ్లయ్యాక డిపెండెంట్ వీసా మీద వచ్చింది. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. పిల్లలు కలగలేదు. డ్రైవింగ్ నేర్చుకుంటానని రెండు మూడుసార్లు అడిగింది. "నీకెందుకు కుమారీ, నేనున్నాగా," అన్నాడు. బ్యాంకు, ఇన్సూరెన్స్, కారు ఎవరిదో చెప్పే టైటిల్ కాగితం, అద్దె ఇల్లు, అన్నీ అతని పేరు మీదే నడిచాయి.

వేసవిలో ఒక పొద్దున పళ్లు తోముకుంటూ కూలిపోయాడు. కుడి పక్క చచ్చుబడింది. మాట పోయింది. పోగా ఒకే ఒక్క మాట మిగిలింది: "స్తోత్రం."

చిన్నప్పట్నించి ప్రార్థనలో కొన్ని లక్షల సార్లు అని ఉంటాడు. మెదడు దెబ్బతిన్నా ఆ అరిగిన దారి మాత్రం మూసుకుపోలేదు. కొందరికి ఒక బూతు మిగులుతుంది, కొందరికి ఒక అంకె, మీ ఆయనకి ఇది మిగిలింది అని స్పీచ్ థెరపిస్ట్ చెప్పింది. ఏం చెప్పబోయినా నోట్లోంచి అదే వస్తుంది, దానికి అర్థం వెతకొద్దు అంది. అలాగే వచ్చింది. ఆకలేస్తే స్తోత్రం. పక్క తడిస్తే స్తోత్రం. నొప్పికీ అదే.

తెలుగు చర్చిలో దీన్ని ఇంకోలా తీసుకున్నారు. సంఘపెద్ద జెరెమీ ఒక ఆదివారం వీల్‌చెయిర్‌ని వేదిక ముందుకి తోయించి, మైకు పట్టుకుని, "దేవుడు బ్రదర్ దగ్గర్నుంచి అన్ని మాటలూ తీసేసుకుని, తన మాట ఒక్కటి ఉంచాడు," అన్నాడు. జోసఫ్ మెడ నరాలు ఉబ్బేలా "స్తోత్రం, స్తోత్రం" అని అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కొందరు ఏడ్చారు. అతను తిడుతున్నాడని దేవకుమారికి అనిపించింది. అనిపించినా ఊరుకుంది. వారానికి నాలుగు రోజులు కూర గిన్నెలు తెచ్చిపెడుతున్నది ఆ చప్పట్లు కొట్టినవాళ్లే.

కంపెనీ కొన్నాళ్లు చూసి ఉద్యోగంలోంచి తీసేసింది. ఉద్యోగం పోతే వీసా పోతుంది. దేశం వదలడానికి ఇచ్చే గడువు మార్చిలో ఒక శనివారంతో సరి. జోసఫ్ బాగున్నప్పుడు, ఎందుకైనా మంచిదని కెనడాలో శాశ్వతంగా ఉండే అనుమతి, పీఆర్, తీసి ఉంచాడు. ఇద్దరూ ఒకసారి వెళ్లి, సరిహద్దులో ఆ కాగితాలు ఖాయం చేయించుకుని వచ్చారు. దేవకుమారి చెల్లెలు అక్కడే, లండన్ అనే ఊళ్లో ఉంటుంది. సరిహద్దు ఊరు పోర్ట్ హ్యూరన్ దగ్గర వంతెన దాటితే ఎంతో దూరం లేదు.

"ఏవండీ, కెనడా వెళ్దామా? అక్కడైతే నేను పనిచేయొచ్చు. మిమ్మల్ని నేను చూసుకోగలను."

"స్తోత్రం."

పోనీ ఇండియా వెళ్దామా అని ఆమె అడగలేదు. అడిగినా అదే వస్తుందని తెలుసు. వచ్చిన మాటని అవును కింద వేసుకుంది. ఎవరైనా "బ్రదర్ ఏమంటున్నారు" అంటే, "ఆయన సరేనన్నారు" అని చెప్పడం మొదలుపెట్టింది. చెప్పగా చెప్పగా ఆమెకే నమ్మకం కుదిరింది.

కారుని దేశం దాటించడం మనిషిని దాటించినంత పని. టైటిల్ మీద బ్యాంకు పేరు పోయి అప్పు తీరిందన్న ఉత్తరం రావాలి. లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచిన రీకాల్ ఏదీ మిగల్లేదని కార్ కంపెనీ రాసివ్వాలి. ఫలానా రోజు ఫలానా వంతెన మీంచి ఈ బండి బయటికి పోతోందని మూడు రోజుల ముందే అమెరికా కస్టమ్స్‌కి తెలపాలి. వాటి కోసం ఆమె ఒక బ్రోకరమ్మని పట్టుకుంది. ఫోన్‌లో ఆవిడ, "ఓనర్ మీ హస్బెండ్ కదా, ఆయన బండిలో ఉంటారుగా," అంది. ఉంటారంది దేవకుమారి. "అయితే ఇబ్బంది లేదు. శుక్రవారం పగలు రండి, ఆఫీస్ మూసేలోపల."

ట్రెయిలర్ దగ్గర గొడవైంది. ఆసుపత్రి మంచం, బ్యాటరీల వీల్‌చెయిర్, ఇంకొన్ని సామాన్లు. ఇవి కార్‌లో పట్టవు. జెరెమీ దగ్గర సొంతంగా వెల్డింగ్ చేయించిన ట్రెయిలర్ ఉంది. చర్చి కుర్చీలు దాంట్లోనే తిరుగుతాయి.

"తీసుకెళ్లు చెల్లెమ్మా. తర్వాత మావాళ్లెవరో వచ్చి తెచ్చుకుంటారు."

"దానికి కంపెనీ ప్లేట్ లేదన్నా. ఎవరు చేశారో, ఎంత బరువు మోస్తుందో ఆ ప్లేట్ మీద ఉండాలంట. లేకపోతే ఆ పక్క రానివ్వరు."

"ఎన్ని సంవత్సరాల్నుంచి దేవుని పని చేస్తోందో తెలుసా అది?"

"వంతెన మీద వాళ్లు ఆ సంగతి అడగరన్నా."

జెరెమీకి కోపం వచ్చి రెండు రోజులు ఫోన్ చేయలేదు. ఆమె ప్లేట్ ఉన్న పాతది ఒకటి వెతికి కొనుక్కుంది. పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే వరంగల్ మనిషి దామోదర్ మంచులో మోకాళ్ల మీద కూర్చుని లైట్ల వైర్లు కలిపాడు. ఆమె లోపల కూర్చుని ఆ పెడల్ ఈ పెడల్ తొక్కింది.

"అక్కా, బ్రేక్ లైటు మంచిగనే ఎలుగుతుంది. ఎడమ ఇండికేటర్ జెర సతాయిస్తుంది. గొలుసులు అడ్డంగ ఏసి తగిలించు, గుర్తుంచుకో. మరి రివర్స్ చేసుడు ఎట్ల?"

"రివర్స్ అవసరం లేని దారిలో పోతాను తమ్ముడూ."

"అసొంటి దారి ఉంటే నాగ్గూడ చెప్పక్కా," అన్నాడు దామోదర్.

శుక్రవారం పొద్దున జెరెమీ కోపం మర్చిపోయి నలుగురు మనుషులతో వచ్చాడు. దేవకుమారి జోసఫ్‌ని కార్‌లో ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, ఇంటి తాళాలు అపార్ట్‌మెంట్ల ఆఫీస్‌లో ఇవ్వడానికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి దుప్పట్లు, బట్టల పెట్టెలు, తలగడలు ట్రెయిలర్‌లో ముందు పక్కకి చేరాయి. మంచం ఇనుప చట్రం, దాని మోటారు, వీల్‌చెయిర్ అన్నీ తలుపు దగ్గర, చివర్న.

"దిగగానే బ్రదర్‌కి ముందు కావాల్సింది మంచమే కదా. అందుకే ఆఖర్న పెట్టించాను. చెల్లెమ్మ పెట్టెలన్నీ దింపుకునే పనుండదు," అన్నాడు జెరెమీ.

కార్‌లోంచి జోసఫ్ కేక వినిపించింది. ఏ సామాను ముందు ఎక్కిందో, ఏది ఆఖర్న ఎక్కిందో పక్క అద్దంలో కనిపించింది అతనికి. "స్తోత్రం. స్తోత్రం. స్తోత్రం." ఎడమ చేత్తో డాష్‌బోర్డ్ మీద గుద్దుతున్నాడు.

"చూశారా, ప్రయాణం ముందు బ్రదర్ ఎలా స్తుతిస్తున్నారో," అని జెరెమీ కళ్లు మూసుకున్నాడు. నలుగురూ టోపీలు తీశారు. ప్రార్థన సాగినంతసేపూ ఆ గుద్దుడు సాగింది. ఆమెన్ అన్నాక దేవకుమారి వచ్చి అతని చెయ్యి పట్టుకుని, "అయిపోయిందండీ, బయల్దేరుతున్నాం," అంది. అతను చెయ్యి లాక్కున్నాడు. ఊరు వదులుతున్న దిగులు అనుకుంది.

ఊళ్లో ఏమీ తెలియలేదు. హైవే ఎక్కి, ఊళ్లు పలచబడ్డాక, ఒక పెద్ద ట్రక్కు పక్కనుంచి దాటిపోయింది. దాని గాలికి ట్రెయిలర్ కొద్దిగా ఊగింది. ఆగుతుందనుకుంటే ఆగలేదు. ఊగు పెద్దదై, కారు తోకని పట్టుకుని అటూ ఇటూ విసరసాగింది. ఆమె బ్రేక్ తొక్కబోయింది. జోసఫ్ ఎడమ చెయ్యి ఆమె మోకాలి మీద పడి కాలుని వెనక్కి లాగింది. ఆ తర్వాత ఆ చెయ్యే స్టీరింగ్‌ని పట్టుకుని, ఆమె తిప్పబోతుంటే కదలనీయకుండా బిగబట్టింది. కారు దానంతటది వేగం తగ్గింది. ఊగు చిన్నదై, ఇంకా చిన్నదై, ఆగింది. వెనకవాడు హారన్ కొడుతూ వెళ్లిపోయాడు.

హెచ్చరిక లైట్లు మిణుకుతుండగా రోడ్డు అంచున పాక్కుంటూ పోయి, తర్వాతి ఎగ్జిట్‌లో ఒక పెట్రోల్ బంక్ వెనక ఖాళీ స్థలంలో ఆపింది. జెరెమీకి ఫోన్ చేసింది.

"దేవుడు కాపాడాడు. ఉండు, ఫోన్లోనే ప్రార్థన చేద్దాం."

"ఆయన పొద్దున్నే చెప్పారన్నా. బరువు వెనక పెట్టారని చెప్పారు. మనం టోపీలు తీశాం," అని పెట్టేసింది.

తలుపు తెరిచి ముందు వీల్‌చెయిర్ దింపింది. జోసఫ్‌ని దాంట్లోకి మార్చి, కోటు బొత్తాలు పెట్టి, ట్రెయిలర్‌కి ఎదురుగా నిలిపింది. అతను ఎడమ చెయ్యి ఎత్తాడు. వేలు ముందుకి, అంటే మంచం చట్రం ఇరుసుకి ముందు. వేలు పక్కకి, అంటే మోటారు మధ్యకి. అరచెయ్యి అడ్డం పెడితే చాలని. ఆమె సామానంతా నేల మీదికి దింపి, చట్రాన్ని రెండు ముక్కలు చేసి, రోగిని తిప్పినట్టు నడుముతో కాకుండా తొడలతో లేపి, ఒక్కొక్కటే లాక్కెళ్లింది. పెట్టెలు పైకీ వెనక్కీ. వీల్‌చెయిర్ కోసం ఇరుసు మీద చోటు ఖాళీగా వదిలించాడు. ఒక పెట్టె ఆమె ఎడమకి పెడితే కాదన్నాడు, కుడికి పెడితే ఊరుకున్నాడు. అంత స్పష్టంగా అతను ఆమెతో మాట్లాడి నెలలైంది. ఒకసారి ఆమె కొక్కెం మీద చెయ్యేసి నొక్కి, బరువు ముందుకి వచ్చిందని చూపిస్తే, అతని ఎడమ పెదవి కాస్త లేచింది కూడా.

అప్పుడు ఆమెకి భయం వేసింది. హైవే మీద వేసిన భయం వేరు, ఇది వేరు. ఇన్నాళ్లూ ఇంకేమేం చెప్పి ఉంటాడు?

అడక్కపోతే పోయేది. వంతెన దగ్గర ఆఫీస్ మూసే వేళ దగ్గర పడుతోంది కూడా. కానీ ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని అడిగింది.

"ఏవండీ. మిమ్మల్ని సరిగ్గా అడగలేదు నేను. కెనడా అంటే వంతెన వైపు చూపించండి. వద్దంటే వచ్చిన దారి చూపించండి."

అతను ఆలోచించాడు. వేలు ఎత్తాడు. అది ఆమె భుజం మీదుగా, హైవే మీదుగా, నోవై వైపు తిరిగింది.

"అక్కడ ఇల్లు లేదండీ. తాళాలిచ్చేశాను. రేపటితో ఉండే హక్కు కూడా పోతుంది. ఎక్కడికి పోతాం?"

వేలు దిగలేదు. పదమూడేళ్లు అతను పనిచేసిన ట్రాక్ అటే. అతన్ని ఇంజినీరుగా ఎరిగిన మనుషులు అటే. వంతెనకి అవతల అతను మరదలి ఇంట్లో కింది గదిలో మంచం మీదుండే మనిషి, అంతే. ఇదంతా ఆమెకి ఆ వేలులో కనిపించింది. కనిపించలేదని తర్వాత ఎప్పుడూ ఎవరితోనూ అనలేకపోయింది.

"విన్నాను," అంది.

లేచి, చంకల కింద చేతులు పెట్టి అతన్ని కార్‌లోకి ఎత్తింది. అతను ఎడమ చేత్తో తలుపు అంచుని పట్టుకున్నాడు. ఆసుపత్రిలో మంచం కమ్మీని వదలని రోగుల చేతులు ఎలా విడిపించాలో ఆమెకి తెలుసు. చిటికెన వేలితో మొదలుపెట్టాలి. నొప్పి లేకుండా, ఒక్కో వేలే విడిపించి, చేతిని అతని ఒళ్లో పెట్టి, బెల్టు పెట్టింది. వీల్‌చెయిర్ ఎక్కించి, పట్టీలు బిగించి, గొలుసులు చూసుకుంది.

ట్రెయిలర్ గీత గీసినట్టు వెంట వచ్చింది. అమెరికా వైపు కస్టమ్స్ మనిషి కారు నంబరు కాగితంతో సరిచూసి, టైటిల్ మీద ముద్ర వేసిచ్చాడు. వంతెనకి అవతల కెనడా ఆఫీసరమ్మ ట్రెయిలర్ ప్లేటు చదివి, లైట్లు వేయించి చూసి, సామాన్ల మీద ఒక్క ప్రశ్న కూడా పెద్దగా వేయలేదు. చివర్న కిటికీలోకి వంగి, యజమాని మీరేనా సర్, ఇక్కడ స్థిరపడటానికేనా వస్తున్నారు అని అడిగింది.

జోసఫ్ అవతలి కిటికీ వైపు తిరిగి ఉన్నాడు.

"ఆయనకి మాట రాదండీ," అని దేవకుమారి ఇంగ్లీషులో చెప్పింది. "అవును, అందుకే వస్తున్నాం."

ఆఫీసరమ్మ సానుభూతిగా తలాడించి కాగితాలు ఇచ్చేసింది.