చీటీల కిటికీ

చెంచులు రోగమొస్తే ఆకులు నూరుకుంటారు గానీ ఆసుపత్రికి రారని చాలా ఏళ్లు అందరికీ చెప్పాను. అది నిజం కాదు.

ఆసుపత్రిలో ఓపీ చీటీలు రాసేది నేనే. ఒక సాయంత్రం డ్యూటీ దిగి రాచర్ల బస్సెక్కాను. పక్క సీట్లో ఒక చెంచు ఆమె, జ్వరంతో మూలుగుతున్న బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంది.

"ఆసుపత్రిలో చూపీలేదేమ్మా?" అన్నాను.

"పోయినాం అన్నా, ఇది మూడోసారి. గూడెం నుంచి రోడ్డు దాకా నడిచి, బస్సు పట్టుకొని వచ్చేసరికి పన్నెండు దాటతాది. చీటీల కిటికీ పన్నెండుకే మూస్తారు."

"తట్టకపోయినావా?"

"తట్టినా. లోపలాయన అన్నం తింటాండాడు. ఏం చేస్తాడులే, ఆయనకూ ఆకలైతాది గదా."

ఆ తట్టడం నేను విన్నాను. తల తిప్పలేదు కాబట్టి ఆమెకు నా ముఖం తెలియదు. అప్పుడే దిగి వెనక్కి తీసుకుపోతే డ్యూటీ డాక్టరు బిడ్డను చూసేవాడు. కానీ నేను అలసిపోయి ఉన్నాను. ఖాళీ క్యారియరును సంచిలోకి తోసి, "రేపు పెందలాడే రామ్మా" అన్నాను.

"రేపైనా అదే బస్సు గదన్నా" అంది.

ఇప్పుడు రెండింటి దాకా కిటికీ తెరిచే ఉంచుతున్నాను. వచ్చిన ప్రతి ముఖాన్నీ చూస్తున్నాను. ఆమె మళ్లీ రాలేదు.